పులవని కుండ

చెంగల్రాయుడు బుద్ధెరిగాక పొయ్యి ముందు కూర్చోవడం అదే మొదటిసారి. అరవై దాటిన మనిషి. మదనపల్లె మార్కెట్లో ఆయన తోట టమోటాకు పేరుంది, ఊళ్లో ఆయన మాటకు విలువుంది. అలాంటివాడు పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని, డేక్షాలో మరుగుతున్న నీళ్లలోకి గాజు సీసాలు ఒక్కొక్కటే దించుతూ, పాముపుట్టలో చెయ్యి పెడుతున్నట్టు భయపడుతున్నాడు.

"అడుగున గుడ్డ పరిచినావా నాయనా?" అని అడిగింది కూతురు కుసుమ, మూతలు తుడుస్తూ.

"ఏం గుడ్డ?"

ఆ మాట ఆయన నోట్లో ఉండగానే సీసా ఠప్పున పగిలింది. నేర్చుకోవడానికని నింపిన టమోటా రసం, గాజుపెంకులు, మరిగే నీళ్లు కలిసి డేక్షా నిండా ఎర్రగా తిరిగాయి. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని, ఎవరైనా చూశారేమోనన్నట్టు అటూ ఇటూ చూశాడు.

చూడనే చూసింది. వసారాలో నులకమంచం మీద పడుకున్న భార్య రెడ్డెమ్మ తల ఎత్తి నవ్వుతోంది.

"నాయన రైతు, బిడ్డ సైంటిస్టు. ఒక సీసా పగలగొట్టేదానికి ఇద్దురు కావాల్సొచ్చిందే!"

"నువ్వు గమ్మున పండుకోమే," అన్నాడు చెంగల్రాయుడు. "నేర్చుకుంటాండాము కదా."

"నేర్చుకో, నేర్చుకో. మూడునాళ్ల ముచ్చట కాకుంటే చాలు."

నవ్వితే ఆమెకు ఆయాసం వస్తుంది. కాసేపు మంచం పట్టె పట్టుకుని ఊపిరి తీసుకుని మళ్లీ పడుకుంది. కుసుమ ఆ వైపు చూడకుండా మూత తుడుస్తూనే ఉంది, తుడిచిన మూతనే మళ్లీ తుడుస్తూ. సంగతేమిటంటే, రెడ్డెమ్మ ఆకలితో చచ్చిపోతోంది. ఇంటినిండా తిండి ఉంది. పెట్టిందల్లా తింటోంది. తిన్నది ఒక్క మెతుకు కూడా ఒంటికి పట్టడం లేదు. అలా చేసింది కుసుమే.

అదెలా జరిగిందో చెప్పాలంటే టమోటా దగ్గర మొదలుపెట్టాలి. ధర లేనప్పుడు రైతు ఏం చేస్తాడో ఆ ప్రాంతంలో పుట్టిన ఏ పిల్లనడిగినా చెబుతుంది. మార్కెట్టుకు తీసుకుపోతే బాడుగ కూడా రాదని ట్రేలకు ట్రేలు రోడ్డు మీద పారబోస్తాడు. కుసుమ బళ్లో చదివే రోజుల్లో చెంగల్రాయుడు అలాగే పారబోసి, ఖాళీ ట్రే మీద కూర్చుని, తల మీద తువాలు కప్పుకున్నాడు. తువాలు కింద నాయన ఏడుస్తున్నాడని పిల్లకు తెలిసింది. ఆ రోజే శపథం పట్టిందని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, అలాంటిదేమీ లేదు. ఆ పూట అన్నం తిని బడికి పోయింది. ఆ తువాలు మాత్రం మనసులోంచి పోలేదు.

చదివి చదివి, తిరుపతి అవతల ఒక ప్రయోగశాలలో చేరింది. కొండల్లో ఒకరకం అడవి దోసతీగ ఉంది. దాని కాయ నెలల తరబడి నేల మీద పడి ఉన్నా కుళ్లదు. ఎందుకని కాయ పొట్టు గీరి చూస్తే కంటికి కనపడని జీవి ఒకటి దొరికింది. తానున్న చోట ఇంకో సూక్ష్మజీవిని బతకనివ్వదది. కుసుమ ఏళ్ల తరబడి కూర్చుని, టమోటా పొట్టు మీద కాపురం పెట్టడం దానికి నేర్పింది. ప్రయోగశాలవాళ్లు దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు. చెంగల్రాయుడు మాత్రం 'కావలి' అన్నాడు. తోటకు మనిషి కావలి ఉన్నట్టు కాయకు ఇది కావలి అని. ఆ పేరే నిలిచింది.

మొదట చల్లింది ఆయన తోటలోనే. కోసి కిటికీలో పెట్టిన కాయ ఎండలు పోయి వానలొచ్చినా నిగనిగలాడుతూ అలాగే ఉంది. తినడానికి జనం జంకితే రెడ్డెమ్మ ముందుకొచ్చింది. "నా బిడ్డ చేసింది నేను తినకుంటే ఇంగెవురు తింటారు?" అని నలుగురి ముందూ పచ్చికాయ కొరికి, కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో వేరే టమోటా ఉడకలేదు. చెంగల్రాయుడు టమోటా పండిస్తాడే గాని తినడు, పులుపంటే ఆయనకు ఆమడ దూరం. తిన్నదంతా రెడ్డెమ్మే. రైతులు ధర వచ్చేదాకా కాయ నిలవ పెట్టుకున్నారు. రోడ్డు మీద పారబోసేవాడే లేకుండాపోయాడు. కుసుమకు శాలువాలు కప్పినప్పుడల్లా తండ్రి ముందు వరసలో కూర్చుని అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు.

అంతలో ఇంట్లో ఆవు నెమరు వెయ్యడం మానేసింది. దాని కడుపు రాయిలా గట్టిపడింది, కొన్నాళ్లకు చచ్చిపోయింది. పడని మేత మేసి ఉంటుందిలే అనుకున్నారు. తర్వాత పాలు తోడుకోవడం మానేశాయి. రెడ్డెమ్మ తోడు మార్చి చూసింది, పక్కింట్లో అడిగి తెచ్చి చూసింది, మిరపకాయ తొడిమలు వేసి చూసింది. తెల్లారి మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. దోసెల పిండి పొంగలేదు. పెంటదిబ్బలో వేసిన ఆకు ఆకులాగే ఉంది. ఊరు ఊరంతా అదే మాట. అప్పటికి గాని కుసుమకు వెలగలేదు. కావలి కాయ పొట్టు దాటి బయటికొచ్చింది. గాలిలో, నీళ్లలో, గిన్నెల్లో, కడుపుల్లో కాపురం పెట్టింది. కుళ్లబెట్టేదేదో, పులియబెట్టేదేదో దానికి తెలియదు. ఆ తేడా దానికి నేర్పాలని కుసుమకూ తోచలేదు.

వయసులో ఉన్నవాళ్ల కడుపులు ఎలాగో తట్టుకున్నాయి. మొదటి నుంచీ, అందరికంటే ఎక్కువగా తిన్న పెద్దవాళ్ల కడుపులు తట్టుకోలేదు. డాక్టరు కుసుమను పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పాడు. "పేగుల్లో తిండిని విడగొట్టేవి లేకుండాపోయినాయమ్మా. బయటనే సగం అరిగిన తిండి, అంటే బాగా పులిసింది, పెట్టగలిగితే మీ అమ్మ బతుకుతుంది. విరుగుడు మీరు కనిపెట్టేదాకా అట్లా నెట్టుకు రావాల."

పులిసింది ఎక్కడుంది? డెయిరీల్లో పెరుగు లేదు. ఎక్కడెక్కడి నుంచో డబ్బాలు, పొడులు తెప్పించారు. ఒక్కటీ రెడ్డెమ్మ కడుపులో నిలవలేదు. తిన్న గంటకే కక్కుకునేది.

ఆ సమయంలో చింతపండు మూటలతో కొండ దిగినవాళ్లెవరో బస్టాండులో అనుకుంటుంటే చెంగల్రాయుడు విన్నాడు. మబ్బుకొండ మీద నాగులమ్మ ఇంట్లో ఇంకా రాగి అంబలి పులుస్తోందట. మబ్బుకొండకు సరైన దారి లేదు. మార్కెట్ సరుకు అక్కడికి పోదు. ఉన్న నాలుగిళ్లూ పండించుకున్నదే తింటాయి. తండ్రీకూతుళ్లు ఆ పూటే ఎక్కారు, కుండకు తగలకుండా గడప బయటే నిలబడ్డారు. నాగులమ్మ మెడ వంగిపోయిన ముసలామె. ఇంటి మూలన నల్లటి మట్టికుండ. రోజూ అడుగున కొంచెం మిగిల్చి, దాని మీదే కొత్తపిండి కలిపి పోస్తుంది. ఆమె అత్త కాలం నుంచి ఆ కుండ ఒక్కరోజు ఆగలేదు. సంగతి విని ఆమె ఇంకేమీ అడగలేదు. సత్తుగిన్నె నిండా అంబలి పోసి, మీద గుడ్డ కట్టి ఇచ్చింది.

రెడ్డెమ్మ ఆ అంబలి తాగింది. కక్కుకోలేదు. సాయంత్రానికి మంచం మీద లేచి కూర్చుని జడ వేసుకుంది.

చెంగల్రాయుడు మర్నాడే మళ్లీ పోయి సీసా నిండా పులిసిన పిండి తెచ్చాడు, కాని బస్సులోనే పులుపు పొంగి మూత ఎగిరిపోయింది. పిండంతా ఆయన పంచె మీద, పక్కనున్నాయన చొక్కా మీద పడింది. ఆ తిట్లు తిని ఇంటికొచ్చాక తేలిందేమిటంటే, దాన్ని కొండ మీదే చిక్కగా ఉడికించి, సీసాల్లో పెట్టి, మళ్లీ మరగబెట్టి, గాలి చొరకుండా మూత బిగించి తేవాలి. అలా తెస్తే నెలలైనా ఉంటుంది. ఆ పని ఇద్దరికీ రాదు. చెంగల్రాయుడికి పొయ్యే తెలియదు. కుసుమకు ప్రయోగశాలలో స్విచ్చి వేస్తే ఉడికే యంత్రం తెలుసు, కట్టెపొయ్యి తెలియదు. అందుకే ఈ సీసాలు, ఈ పగలడాలు.

రెడ్డెమ్మ మంచంలోంచే గురువైంది. "నిండా పోయొద్దు, రొంత ఎలితి పెట్టండి. మూతి తుడవకుండా మూత పెడితే అది మూత కాదు, ఉత్త అలంకారం. ఏమయ్యా, అది నాగలి మేడి కాదు, మెల్లగా బిగించు." ఆయన కసిరేవాడు, ఆమె నవ్వేది. పెళ్లయినప్పటి నుంచి వాళ్లిద్దరూ అంత మాట్లాడుకోవడం కుసుమ వినలేదు.

చెయ్యి కాస్త కుదిరాక కొండెక్కారు. కుసుమ నియమాలు మామూలువి కావు. కొండ కింద వాగులో మందు కలిపిన నీళ్లతో తలస్నానం చెయ్యాలి. ఇంటి గుడ్డలు అక్కడే విడిచి కొత్తవి కట్టుకోవాలి. సీసాలు, మూతలు, గరిటెలు మరగబెట్టనిదే ముట్టుకోకూడదు. చెప్పుల్లేకుండా నడవాలి.

"మీ అవ్వ కూడా ఇంత మడి కట్టలేదు పాపా," అన్నాడు చెంగల్రాయుడు వణుకుతూ.

"కట్టుకో నాయనా. నీ ఒంటి మీద ఉండేది ఆ కుండకు తగిలితే అంతే సంగతులు."

నాగులమ్మ పెరట్లో పొద్దంతా పని. పులిసిన పిండి సంగటిలా కలియబెట్టడం ఆయన వంతు, సీసాలకు ఎత్తడం కుసుమ వంతు. నీళ్లు మరుగుతున్నంతసేపూ చెయ్యడానికేమీ ఉండదు. పొయ్యి పక్కన కూర్చుని తండ్రీకూతుళ్లు మాట్లాడుకునేవాళ్లు. మొదటిసారి సీసాలు దించి ఆరబెట్టినప్పుడు, చల్లారే కొద్దీ ఒక్కో మూతా లోపలికి లాక్కుని 'టక్'మంది. చెంగల్రాయుడు చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"ఇన్నావా? పట్టేసింది!" అని నాగులమ్మను కూడా పిలిచాడు. "పెద్దమ్మా, ఇదిన్నావా?"

"ఏందిరా నాయనా, కోడి గుడ్డు పెట్టినంత సంబరం నీకు," అంది నాగులమ్మ.

ఆయన కాసేపు నవ్వుకుని, ఉన్నట్టుండి కూతురి వైపు తిరిగి అడిగాడు.

"పాపా, నువ్వు దాన్ని కనిపెట్టింది నాకోసమే కదా? ఆ పొద్దు రోడ్డు మీద నేను ఏడిస్తే చూసినావు. నాకు తెల్సు."

కుసుమ పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"తప్పు నీదొక్కదానిదే అనుకోవాక," అన్నాడాయన. "చప్పట్లు కొట్టింది నేను."

ఆ వర్షాకాలమంతా అలా గడిచింది. వసారాలో చెక్క అల్మరా నిండా సీసాలు వరసలు తీరాయి. రెడ్డెమ్మ బుగ్గలకు కాస్త కండ పట్టింది, గోడ పట్టుకుని పెరట్లోకి నడిచింది. కుసుమ ధైర్యం చేసి మళ్లీ ప్రయోగశాలకు పోతూ వస్తూ ఉంది. కావలిని తినే జీవి కోసం అక్కడ అందరూ వెతుకుతున్నారు. ఇంకొక్క ఏడాది. ఏడాదిపాటు ఆ కుండ పులిస్తే చాలు, అమ్మ దక్కుతుంది. అంతవరకూ ఆశ పెట్టుకోవచ్చని కుసుమకు అప్పుడే అనిపించింది.

ఆ తర్వాత ఒకనాటి పొద్దున కొండెక్కేసరికి నాగులమ్మ కుండ ముందు కూర్చుని ఉంది. వేళ్లు ముంచి నాకుతోంది, మళ్లీ ముంచుతోంది.

"ఏమో పాపా, తియ్యంగుండాది," అంది. "నిన్న కూడా ఇట్లే. వాన ముసురుకనుకున్నా. ఎండలో పెట్టినా, పొయ్యిగడ్డ మీద పెట్టినా. పులుపే రాలే."

కుసుమ కుండలోకి వంగి వాసన చూసింది. పిండివాసన తప్ప ఏమీ లేదు. అలాగే నేల మీద కూర్చుంది. కూర్చున్నప్పుడు ఎదురుగా గోడ గూడు కనిపించింది. అందులో దేవుడి పటం ముందు, కుండకు మూరెడు దూరంలో, సత్తుగిన్నె. గిన్నె నిండా టమోటాలు. ఎర్రగా, బిగువుగా, ఇప్పుడే కోసుకొచ్చినట్టు మెరుస్తున్నాయి.

"అవ్వా, అవి యాడివి?"

"మీ అమ్మ పంపించింది కదా. నువ్వు ఊళ్లో లేనప్పుడు మీ నాయన తెచ్చిచ్చి పోయినాడు. ఎన్నాళ్లయినా ఒక్కటీ మెత్తబడలే చూడు. కొయ్యబుద్ధి కాక స్వామి కాడ పెట్టుకున్నా."

కుసుమ తండ్రి వైపు తిరిగింది. చెంగల్రాయుడి మొహం అప్పటికే తెల్లగా పాలిపోయింది.

"కడిగినా పాపా. ఉప్పునీళ్లతో ఒకటికి రెండుసార్లు కడిగినా. నేనూ మునిగినా, గుడ్డలూ మార్చినా. పెద్దమ్మ గిన్నె మనింట్లోనే ఉండిపోయింది కదా, ఇచ్చేసిరాపో అనింది మీ అమ్మ. ప్రాణం పోస్తాండే మనిషికి ఖాళీ గిన్నె ఎట్లిచ్చేదని తనే మంచం దిగి, తోటలోకి పోయి, ఎంచి ఎంచి కోసింది. నీకు చెప్తే వద్దంటావని చెప్పలే." ఆయన గూట్లోని గిన్నె వైపు చెయ్యి చూపించాడు. "మన ఒంటి మీదిది పోయినట్టే కాయ మీదిదీ కడిగితే పోతాదనుకున్నా గాని, పక్కన పెడితేనే అంటుకుంటాదని నాకేం తెల్సు?"

కుసుమకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. కాళ్లు, చేతులు, గుడ్డలు, గరిటెలు అన్నీ చెప్పింది. గిన్నె సంగతి చెప్పలేదు. ప్రయోగశాలలో ఎవరి గిన్నె వాళ్లకు కడిగి ఖాళీగా ఇచ్చేస్తారు. కాని తను పెరిగింది ప్రయోగశాలలో కాదు. పక్కింటివాళ్ల గిన్నె తిరిగి ఇవ్వాల్సి వస్తే, ఏమీ లేకపోయినా అడుగున బెల్లంముక్కైనా వేసి పంపే ఇంట్లో పెరిగింది. చిన్నప్పుడు ఎన్ని గిన్నెలు మోసింది, ఎన్ని బెల్లంముక్కలు దారిలో నాకింది! కొండకు పోయే గిన్నె ఖాళీగానే పోవాలని నాయనకు, అమ్మకు చెప్పాలని ఆమెకు గుర్తుండాల్సింది. గుర్తుండాల్సింది ఆమె ఒక్కదానికే.

జరిగింది నాగులమ్మకు విడమర్చి చెప్పింది. ముసలామె చాలాసేపు కుండ అంచు తడుముతూ కూర్చుంది.

"మా అత్త నా చేతిలో పెట్టిన కుండ," అంది చివరికి. "నా కోడలి చేతిలో పెట్టాలనుకున్నా." కుండ మీద మూత పెట్టి, "పోయి రాండి. రొన్నాళ్లు ఈ పక్కకు రావద్దండి, నాకు మనసు బాగలేదు," అంది. వాళ్లు వాకిలి దాటుతుంటే వెనక నుంచి మళ్లీ పిలిచింది. "పాపా, మీ అమ్మకు చెప్పవాక. ఆయమ్మ ప్రేమతో ఇచ్చింది."

కుసుమ కుండ గీరిన పిండిని ప్రయోగశాలకు తీసుకుపోయింది. సూక్ష్మదర్శిని కింద ఒక్కటే కనిపించింది. పుల్లల్లాంటి కావలి, వరసలు వరసలుగా, తను నేర్పినంత పద్ధతిగా. ఇంకేదీ లేదు. ప్రయోగశాల పెద్ద వరదరాజన్ గారు ఆమె భుజం మీదుగా వంగి చూశారు.

"ఉడికించని సీసా ఒక్కటైనా దాచావా అమ్మా? అందులో పులుపు జీవం ఉంటే ఏదైనా చెయ్యొచ్చు."

"లేదు సార్. అన్నీ ఉడికించాను. కుండ ఉంది కదా అనుకున్నాను."

"పద్ధతి ప్రకారమే చేశావులే," అన్నారాయన. ఓదార్చడానికే అన్నారు. కుసుమ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, దారిన పోయేవాళ్లు చూస్తున్నా సరే, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చేసరికి రెడ్డెమ్మ భర్తను అడుగుతోంది. "నాగులక్క కాయలు చూసి ఏమనిందయ్యా? చెప్పనే లేదు."

"మురిసిపోయింది," అన్నాడు చెంగల్రాయుడు, కూతురి మొహం చూడకుండా. "స్వామి గూట్లో పెట్టుకునింది."

"అట్లనా!" అని రెడ్డెమ్మ తృప్తిగా నవ్వింది. "ఈసారి వంకాయలు పంపిస్తా."

ఆ మాటకు ఆయన చెంబు తీసుకుని పెరట్లోకి పోయి చాలాసేపు రాలేదు.

తర్వాత ఇద్దరూ దొంగలయ్యారు. ఊరూరా తిరిగారు, పులిసే కుండ ఎక్కడైనా మిగిలిందేమోనని. ఎక్కడికి పోయినా కావలి వాళ్లకంటే ముందే చేరి ఉంది. అల్మరాలో సీసాలు తగ్గుతున్నాయి. రెడ్డెమ్మకు అనుమానం రాకుండా చెంగల్రాయుడు నిండు సీసాలను ముందు వరసకు జరిపేవాడు. వెనక వరసలో ఖాళీ సీసాల్లో నీళ్లు పోసి, చిటికెడు రాగిపిండి కలిపి, మూత బిగించి పెట్టేవాడు. ఒకప్పుడు మూత ఎలా బిగించాలో తెలియని మనిషి. కొండకు పోయే రోజున మామూలుగానే సంచి తగిలించుకుని కూతురితో బయలుదేరేవాడు. బస్టాండులో వేపచెట్టు కింద ఇద్దరూ కూర్చునేవాళ్లు. పొద్దు వాలాక అవే సంచులతో ఇంటికి వచ్చేవాళ్లు.

"ఈపొద్దు ఎన్ని పట్టినాయి?" అని అడిగేది రెడ్డెమ్మ.

"అన్నీ పట్టేసినాయి," అనేవాడాయన.

కుసుమ సీసాలోని సంగటిని పలచన చేసి పెట్టడం మొదలుపెట్టింది. పూటకు రెండు గరిటెలు ఒక గరిటె అయింది. రెడ్డెమ్మ పెట్టినంతే తిని పళ్లెం తిరిగిచ్చేది. పట్టిన కండ కరిగిపోయింది. గోడ పట్టుకుని నడిచేది కాస్తా మళ్లీ మంచమెక్కింది. ఎంత వేగంగా కరిగిపోయిందో, పక్కనే ఉండి చూస్తున్న కుసుమకు కూడా నమ్మబుద్ధి కాలేదు. అమ్మను తన చేత్తోనే చంపుతున్నానని, అది కూడా రోజుకొక గరిటె చొప్పున చంపుతున్నానని, ప్రతి పూటా అనిపించేది.

ఆఖరి సీసా మూత తీసింది ఒక మధ్యాహ్నం. కుసుమ దాన్ని వేడిచేసి పళ్లెంలోకి ఎత్తి మంచం దగ్గరికి తెచ్చింది. నీళ్లు కలపబోతుంటే రెడ్డెమ్మ చెయ్యి పట్టుకుంది.

"కలపవాక. ఈపొద్దు గట్టిగానే ఉండనీ. నన్ను లేపి కూచోబెట్టు. మీ నాయన్ని కూడా పిలువు."

చెంగల్రాయుడు వచ్చి మంచం పక్కన గొంతుకూర్చున్నాడు. రెడ్డెమ్మ గోడకానుకుని పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. సన్నబడ్డ వేళ్లతో సంగటిని మెదిపి, గుండ్రంగా ముద్ద చేసి, కూతురి వైపు చాపింది.

"నోరు తెరు పాపా."

"నాకెందుకుమా, నువ్వు తిను. నేను తిన్నా."

"యాడ తిన్నావు? వానాకాలమంతా పొయ్యికాడ ఉడికిపోయినారు, ఒక్కపొద్దన్నా రుచి చూసినారా ఇద్దురూ? వండినోళ్లు తినకుంటే వంట ఎట్లయితాది?"

కుసుమ తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లు వద్దనడం లేదు, తినమనడం లేదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఆ ముద్ద అమ్మకు రేపటి పొద్దు. తింటే అమ్మ రేపటిని తను మింగినట్టు. కుసుమ నోరు తెరిచింది. పుల్లగా, కమ్మగా ఉంది. 

రెండో ముద్ద చెంగల్రాయుడికి. పులుపు గిట్టని మనిషి, కిక్కురుమనకుండా నమిలాడు. కళ్ల నుంచి నీళ్లు గడ్డం మీదికి కారాయి.

"బో పులుపు కదా ఆయనకు," అని రెడ్డెమ్మ తన కొంగుతో ఆయన మొహం తుడిచింది. తుడుస్తూనే, మామూలు మాటలాగే చెప్పింది. "ఇంగ రేపట్నుంచి కొండకని చెప్పి పోవద్దండి. ఆ బస్టాండులో ఎండకు కూచోవద్దండి."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "అమ్మా..." అంది కుసుమ.

"ఎనక వరస సీసాల్లో నీళ్లుండాయని నాకెప్పుడో తెల్సు. మంచంలో ఉండానే గాని నా ఇంట్లో నేను లేనా? ఏం జరిగిందో నేను అడగను. మీరూ చెప్పొద్దండి." ఆయాసం తీర్చుకోవడానికి కాసేపు ఆగింది. "ఈ ఉన్నన్నాళ్లు ఈడ్నే, నా పక్కనే కూచోండి. చాలు."

చెంగల్రాయుడు ఆమె పాదాల దగ్గర మంచం పట్టెకు తల ఆన్చి ఏడ్చాడు. ఈసారి తువాలు కప్పుకోలేదు. రెడ్డెమ్మ ఒక చేత్తో ఆయన తల నిమురుతూ, పళ్లెంలో మిగిలింది ఇంకో చేత్తో దగ్గరికి తీసింది. అందులోంచి చిన్న ముద్ద తన నోట్లో వేసుకుని, నమిలి, బాగా కుదిరిందన్నట్టు తల ఊపింది. ఇంకోటి చేసి, మళ్లీ కూతురి వైపు చాపింది.

"నువ్వు తినుమా," అంది కుసుమ. "నీకోసం చేసింది."

"తెల్సు," అంది రెడ్డెమ్మ. "నోరు తెరు."

కుసుమ నోరు తెరిచింది.